లెక్కలోకి రాని గుమ్మం

మా ఇంటి వీధి తలుపు ఈరోజు నా మోకాలి దాకానే ఉంది. నిన్న నడుము దాకా ఉండేది. నేను బోర్లా పడుకుని, ముందు క్యారేజీని బయటపెట్టి, తర్వాత తల బయటపెట్టి ఆఫీసుకు బయలుదేరతాను.

నా భార్య జలజ బయటకు రాదు. ఆమె రోజూ మధ్యాహ్నం టీవీలో నేరాల కార్యక్రమం చూస్తుంది. చూసిన ప్రతిసారీ తలుపు ఇంకాస్త కుదించుకుపోతుంది.

"రేపటికి నువ్వు పట్టవు. ఇప్పుడే వచ్చెయ్" అంటాను.

"బయట ఎలా ఉందో చూస్తున్నారుగా. గుమ్మం చిన్నదైతేనే మంచిదండీ, దొంగ దూరలేడు" అంటుంది.

టీవీ కార్యక్రమాలు జనాన్ని ఏం చేస్తాయో పరీక్షించే ఆఫీసు మాది. తలుపులు తగ్గడం ఈ కార్యక్రమం వల్లేనా అని చానల్ వాళ్లే మమ్మల్ని అడిగారు. ఇది చూసే పది ఇళ్లలో కొలిచాం. ఏడిళ్లలో తగ్గాయి, మూడిళ్లలో పెరిగాయి.

"పదిళ్లలో ఏడంటే కాకతాళీయంగా కూడా రావచ్చు. ప్రభావం లేదని రాసేద్దాం" అంటారు మా మేనేజరు పురంధర్ గారు. ఆయన గది తలుపు ఇంకా నిండుగానే ఉంది.

"లేదని కాదు సార్. ఇంత తక్కువ ఇళ్లలో అయితే ప్రభావం ఉన్నా మనకు దొరకదు. వందల ఇళ్లు కొలవాలి."

"లేని దొంగ ఉన్నాడని అరిస్తే చానల్ మన పీక పట్టుకుంటుంది. ఉన్న దొంగను చూడలేదనుకో, ఎవడడుగుతాడయ్యా?"

"పోనీ మా ఇల్లు కలపండి. పొద్దున నేనే కొలిచాను."

"ఈ పనిలో ఉన్నవాళ్ల ఇళ్లు లెక్కలోకి తీసుకోం. కొత్తవాళ్లకి ఆ రూలు చెప్పేది నువ్వే కదయ్యా!" అని ఆయన జాలిగా నా భుజం తడతారు. మా ఇల్లు లెక్కలో లేదు గనక జలజ కూడా లేదు.

ప్రభావం లేదన్న రిపోర్టు అందగానే చానల్ ఆ కార్యక్రమాన్ని గంటగంటకూ వేయడం మొదలుపెడుతుంది. నేను ఇంటికి పరుగెడతాను. వీధిలో తలుపులన్నీ పోస్టు డబ్బా నోరంత అయ్యాయి. మాది అగ్గిపెట్టెంత ఉంది.

"జలజా, నేను!"

"మీరేనని నమ్మకమేంటి? టీవీలో దొంగ కూడా ఇలాగే పిలిచాడు. ఒక్కరి మాట మీద తలుపు తియ్యనండీ."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. సరేనని ఒప్పుకుంటాను. ఒప్పుకోగానే వీధి మలుపులోంచి మళ్లీ నేనే వస్తాను. నా వెనక ఇంకో నేను, ఆ వెనక వందలమంది, అందరిదీ నా ముఖమే. అందరం ఒక్కసారిగా "జలజా, నేను!" అంటాం.

అంతమంది మగవాళ్ల గొంతు విని ఆమె కెవ్వుమంటుంది. తలుపు గోడలో కలిసిపోతుంది. ఇల్లు ముడుచుకుని ముడుచుకుని, ఎక్కడా సందు లేకుండా, కోడిగుడ్డంత అవుతుంది.

వరసలో మొదటివాడు దాన్ని తీసి చెవికి ఆనించుకుంటాడు. "ఏమీ వినపడట్లేదు" అని పక్కవాడికి ఇస్తాడు. వాడూ అదే మాట అని ఇంకొకడికి ఇస్తాడు. ఏమండీ, ఏమండీ అని జలజ అరుస్తోంది, నాకు ఇక్కడికే వినిపిస్తోంది. అందరూ తోసుకురావడంతో నేను వరసలో చిట్టచివర పడ్డాను. ముందున్నవాళ్లకు విసుగొచ్చి, ఆ గుడ్డును గట్టిగా ఊపి చూడటం మొదలుపెడతారు.