అన్నకు వచ్చిన హుషారు

ఆ ఆదివారం నాచారంలోని ఆ రెండు గదుల ఇంట్లో ఐదుగురు ఉన్నారు. తల్లి వెంకటనర్సమ్మ, కొడుకు ధీరజ్, కోడలు స్వర్ణలత, వాళ్ల ఐదేళ్ల కూతురు దీప, ధీరజ్ చెల్లెలు ఉదయశ్రీ. వాళ్లలో జబ్బు మనిషి అని అందరూ అనుకునేది ఉదయశ్రీ ఒక్కదాన్నే.

ఆమెకు బైపోలార్ జబ్బు. కొన్నాళ్లు మనసు పూర్తిగా కుంగిపోతుంది, కొన్నాళ్లు పట్టపగ్గాలు లేకుండా ఎగురుతుంది. మందులు వేసుకుంటూ, ఆ జబ్బున్న వాళ్లందరికీ కలిపి చెప్పే క్లాసు కోసం వారం వారం ఉప్పల్‌లో ఒక ఆసుపత్రికి వెళ్తోంది. ఎవరైనా అడిగితే మాత్రం కుట్టు నేర్చుకుంటున్నానని చెప్పాలి. అది తల్లి ఆజ్ఞ.

పోయిన వారం క్లాసులో, ఆటో నడుపుకునే శివ క్లాసు చెప్పే మేడంతో అన్నాడు: "నాలుగు దినాలు నిద్ర లేదు, అలుపు లేదు. అది రోగమని నాకెట్ల తెలుస్తది మేడం? దేవుడిచ్చిన బలమనుకున్న. ఆటో డివైడర్ ఎక్కినంక తెలిసింది." అందరూ నవ్వారు. ఆ జబ్బు గురించి చెప్పుకుని నవ్వగలిగే చోటు ఉదయశ్రీకి అదొక్కటే.

ఇప్పుడు ధీరజ్‌కు నిద్ర లేక మూడు రోజులైంది. హాలుకు సగం రంగు వేసి వదిలేశాడు. వంటింటి గోడ గీకడం మొదలుపెట్టి అదీ వదిలేశాడు. ఇల్లంతా దాన్ని హుషారు అనుకుంది.

"దీపను బండి మీద వరంగల్ దిప్పుకొస్త. గంటల పోయి గంటల వస్తం. నన్నెవ్వడు అందుకోలేడు!" అన్నాడు ధీరజ్.

"ఆర్నెల్లు మూలకు వడ్డోడు, ఇప్పుడు సూడు ఎంత ఉషారుగున్నడో!" తల్లి మురిసిపోయింది.

"అమ్మా, అది ఉషారు గాదే," ఉదయశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. "నాకు గూడ గిట్లనే మొదలైంది. అన్నను దవాఖానకు తీస్కపోదాం."

"నోర్ముయ్! నీకున్నదని ఇంటిల్లిపాదికి అంటగడ్తవా?"

"మా చెల్లె డాక్టరమ్మ అయిందే!" ధీరజ్ పగలబడి నవ్వి, పాపను తీసుకెళ్లి బండి ముందు కూర్చోబెట్టాడు.

ఉదయశ్రీ పరుగెత్తి తాళంచెవి లాగేసింది. ధీరజ్ చెయ్యెత్తాడు. గల్లీలో జనం ఆగి చూస్తున్నారు.

"కొట్టన్నా, ఇయ్య!" అంది. తర్వాత, బతుకులో మొదటిసారి అందరికీ వినపడేలా చెప్పింది. "నాకు బైపోలార్ ఉంది. నేను పోయేది కుట్టు క్లాసుకు గాదు. ఈ జబ్బు సంగతి రోగులొక్కళ్లే నేర్సుకుంటే సాలదు, ఇంట్లోళ్లు గూడ నేర్సుకోవాలె. సిగ్గని దాస్తే, రేపు ఇంకొకరికి వచ్చినా గుర్తువట్టలేం!"

గడపలో నిల్చున్న స్వర్ణలత భర్త ఎర్రటి కళ్లలోకి చూసింది. వచ్చి పాపను దింపి లోపలికి తీసుకెళ్లింది. ధీరజ్ అరుస్తూ వెనకాలే వెళ్లాడు.

"పరువు దీసినవ్ గదనే!" అంటూ తల్లి ఉదయశ్రీ మొహం మీదే తలుపు వేసింది. లోపల గడియ పడింది. పాప లోపలే ఉంది. బండి తాళంచెవి ఉదయశ్రీ పిడికిట్లో ఉంది.