నూటికి ఎనభై

కుట్టుపని చేసే ఆ అక్కకు తమ్ముడంటే ప్రాణం. ఇరవై ఏళ్ల వయసులో వాడు పొరుగింటి పాపతో తప్పుగా ప్రవర్తించి జైలుకు పోయినప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా వదులుకోలేదు. వాడు శిక్ష ముగించుకుని వచ్చి పదిహేడేళ్లయింది. ఊరి చివర వడ్రంగి షెడ్డులోనే పని, పడక. ఇంటికి రాకూడదు. ఇంటి వెనక గోడకు ఆనుకునే బడి ఉంది. అలాంటి నేరం చేసినవాళ్లు బడి దగ్గర ఉండకూడదని అక్కడి చట్టం.

ఆ ఏడు తల్లికి పక్షవాతం వచ్చింది. ఆమెను లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టడం అక్క ఒక్కదాని వల్ల కాలేదు. తమ్ముణ్ణి ఇంట్లో ఉండనివ్వమని కోర్టుకెక్కింది.

ఇలాంటి నేరస్థుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మానసిక నిపుణురాలు సాక్ష్యం చెప్పింది. "పదిహేనేళ్లు ఏ నేరమూ చేయకుండా ఉన్నవాళ్లలో మళ్లీ చేసేది నూటికి ఇద్దరో ముగ్గురోనండీ."

ప్రభుత్వ లాయరు పాత తీర్పొకటి తీశాడు. "నూటికి ఎనభై మంది మళ్లీ చేస్తారని పై కోర్టే రాసింది కదా?"

"రాసింది. ఆ లెక్క ఎక్కడిదా అని వెతికాను. ఎవరో పత్రికలో నోటికొచ్చింది రాశారు. లెక్కపెట్టినవాళ్లు లేరు. ఒక తీర్పులోంచి ఇంకో తీర్పులోకి ఎక్కుతూ వచ్చింది, అంతే."

అక్కకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆమె వంతు.

"మీకు తొమ్మిదేళ్ల కూతురుంది. పిల్లను తమ్ముడి దగ్గర వదిలి బజారుకెళ్తారా?" అన్నాడు లాయరు.

ఔననడానికే నోరు తెరిచింది. మాట పెగల్లేదు. వెనక బెంచీలో తమ్ముడు తల దించుకున్నాడు.

"నిపుణురాలి మాట కొట్టిపారేయలేను. కానీ పై కోర్టు మాట కాదనే అధికారం నాకు లేదు. పైగా సొంత అక్కే తటపటాయిస్తోంది" అని జడ్జి అర్జీ కొట్టేశాడు. ఎనభై ఇంకో తీర్పులోకి ఎక్కింది.

మెట్ల మీద అక్క బావురుమంది. "నా నోరు పడిపోయిందిరా!"

"ఏడవకక్కా. అబద్ధం చెప్పలేదుగా నువ్వు. ఆ రోజు ఆ పాప వాళ్లమ్మ కూడా నన్ను నమ్మే వదిలి వెళ్లింది."

చలికాలంలో తల్లి పోయింది. ఆఖరి చూపుకు, పోలీసు తోడుగా, వాణ్ణి గంటసేపు రానిచ్చారు.

వారం తర్వాత నిపుణురాలు ఫోన్ చేసింది. "పై కోర్టుకు వెళ్దామమ్మా. ఆ లెక్క తప్పని చూపిద్దాం."

"ఇంకెవరి కోసమండీ?" అంది అక్క. తల్లి కూర్చునే కుర్చీని గోడవారకు జరిపి, "కాగితాలు పంపండి. వాడి చేత సంతకం పెట్టిస్తాను" అంది.