పైడమ్మ ఇంటి ఉగ్గుగిన్నె

నేను ఒక ఇత్తడి ఉగ్గుగిన్నెను. పసినోట్లో పాలు బొట్టు బొట్టుగా జారాలని కంచరి నాకు సన్నటి ముక్కు తీర్చాడు. మూడు తరాల పిల్లలు నా పాలు తాగి, పెద్దయ్యాక నన్ను అటక మీదికి తోశారు. మనుషులంతే, కోపమేం లేదు.

ఆ మాఘంలో పైడమ్మకి ఆడపిల్ల పుట్టిందని నన్ను దించారు. పిల్లకి గ్రహణం మొర్రి. పెదవి చీలి, అంగిలిదాకా సందే. గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుందని ఊరంతా పైడమ్మని ఆడిపోసుకుంది. అత్త దాలమ్మ మాత్రం ఎవరొచ్చినా పిల్ల మూతి మీద కొంగు కప్పేసేది.

ఆశా కార్యకర్త నూకరత్నం దగ్గర కూర్చుని నేర్పింది. "పడుకోబెట్టి పట్టకమ్మీ, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నిటారుగా పట్టుకుని బొట్టు బొట్టు పొయ్యి. మూడో నెలలో ఆపరేషన్ చేసేస్తారు, మూతి బాగయిపోద్ది."

పైడమ్మ అలాగే పట్టేది. ఊపిరి ఆడుతోందా లేదా అని గుక్కగుక్కకీ పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు మధ్యాహ్నం పైడమ్మ జ్వరంతో సోలిపోయింది. దాలమ్మ నన్ను నిండా నింపింది. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, తల నిమిరింది. "నిన్ను సూసి అందరూ నవ్వుతారే నా తల్లీ. నీకెందుకే ఈ బతుకు" అంటూ నన్ను పూర్తిగా వంచేసింది. గిన్నెని నేను. వంచితే ఒలకడం తప్ప ఇంకేం చేతనవును?

పైడమ్మ లేచేసరికి అంతా అయిపోయింది. ఏడుస్తూనే నన్ను చింతపండేసి తోమింది. ఇత్తడిని పాలజిడ్డుతో ఉంచకూడదని పుట్టింటివాళ్లు నేర్పిన అలవాటు, చేతులు వాటంతటవే చేసేశాయి.

నూకరత్నానికి అనుమానమొచ్చి పోలీసులకి చెప్పింది. తాసిల్దారుని నిలబెట్టి పిల్లని పూడ్చిన గొయ్యి తవ్వించారు.

"పిల్ల పోయిన గంటకే గిన్నె తోమేవు. ఏటి దాచుదామనమ్మా?" అన్నాడు ఎస్సై.

"పాలు పట్టిన గిన్నె తోమకపోతే ఎలాగండి బాబూ?"

ఆరోజు పొద్దున తానే ఓ గుక్క ఎక్కువ పోశానేమోనని అప్పటికే కుమిలిపోతోంది, పిచ్చితల్లి. అత్త మీదికి దాని ఆలోచనే పోలేదు.

శవపరీక్ష చేసిన డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఊపిరితిత్తుల నిండా పాలే. మొర్రి పిల్ల కదా, పొరపాటున పోయినా ఇలాగే ఉంటుంది, కావాలని పోసినా ఇలాగే ఉంటుంది. పోసిన చెయ్యి ఎవరిదో నేను చెప్పలేను."

ల్యాబులో నన్ను దూదితో తుడిచారు, పౌడరు చల్లారు. తోమిన చేతి వేలిముద్రలే దొరికాయి. పాలు పోసిన చెయ్యి ఎవరిదో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. లోహానికి నోరేదీ?

పైడమ్మ నాలుగు నెలలు జైల్లో ఉండొచ్చింది. రెండేళ్లకి రుజువు చాలదని కేసు కొట్టేశారు. సామాను తీసుకెళ్లమని కోర్టు నుంచి కబురొస్తే అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. పైడమ్మకి ఆరో నెల.

"నాకొద్దత్తా అది" అంది.

"ఊరుకోయే. ఇంటి గిన్నె, అక్కరకొస్తాది."

పైడమ్మ ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, రెండో చేత్తో కాగితం మీద సంతకం పెడుతోంది. గుమస్తా నా సీలు తెంపి, ఖాళీగా ఉన్న దాలమ్మ చేతుల్లో నన్ను పెట్టాడు.