నడిమి మొవ్వు

తెల్లారినప్పటి నుంచి బోదె గీకుతున్నాను. వాలు చెక్కకు పట్టను ఆనించి, మడమతో తొక్కిపట్టి, వెదురు బద్దతో పైనుంచి కిందికి. మడమ ఎప్పుడో బండబారింది గాని నడుము ఇప్పటికీ అలవాటు పడలేదు. వేసె చెట్టు చూడ్డానికి అరటిలాగే ఉంటుంది, మేం పెంచేది పండు కోసం కాదు. దాని బోదె, దుంపే మా సిదామా వాళ్ల తిండి. పిలకలు పుట్టించి నాటడం మగవాళ్ల పని. పేడ మోయడం, గీకడం, పిండడం, గుంటలో పూడ్చి పులియబెట్టడం, రొట్టె కాల్చడం మాది. గీకే చోటికి మగవాడు వస్తే పిండి చెడుతుందంటారు కాబట్టి ఈ చాకిరీ కళ్లారా చూసిన మగవాడు లేడు. ఊళ్లో ఎవరిని అడిగినా ఈ తోట నా మొగుడు లమీసోదే అంటారు.

ఈ రోజు గీకుతున్నది నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన రకం. పెరట్లో ఇదొక్కటే మిగిలింది. మొన్న లమీసో దాని ముందు నిలబడి, "దీన్ని పడగొట్టెయ్. ఇక్కడ చాట్ మొక్కలు పెడతా. నమిలే ఆకుకి సంతలో ఎంత గిరాకీ ఉందో తెలుసా?" అన్నాడు.

"దురేతె నాన్నా," అన్నాను, మా బిడ్డ పేరుతోనే పిలుస్తాను ఆయన్ని, "ఇంకా లేత చెట్టు. దుంప పాతిపెట్టు, పిలకలొస్తాయి. ఈ రకం మళ్లీ దొరకదు."

"మీ అమ్మ చెట్టు కదా, ఎదుగూ బొదుగూ లేదు. ఆవిడ కూతురిలాగే!"

అత్తగారు పకపకా నవ్వింది. "అంత ముద్దయితే నువ్వే పాతుకో తల్లీ! ఆడదాని కత్తి తగిలిన దుంప పిలకేయడం ఎవరైనా చూశారా?"

వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఇప్పటికీ నాకు అదే మంట.

బోదె అయింది. ఇక దుంప తురమాలి. తురిమితే అమ్మ రకం ఈ ఇంట్లో లేనట్టే. తురిమే పళ్ల చెక్క పట్టుకున్నాను గాని చెయ్యి ఆడలేదు. మా నాన్న పిలకలు పుట్టిస్తుంటే చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. మొవ్వు ఉంచి పాతితే మళ్లీ ఒంటి చెట్టే లేస్తుంది, నడిమి మొవ్వు తీసేస్తేనే చుట్టూ పిలకలొస్తాయి.

కత్తి తీసుకుని మొవ్వు తోడేశాను. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తోడాను. దుంపలో పడ్డ గుంట నిండా పేడా మట్టీ కూరి, ఇక్కడే, గీకే చోట ఒక మూల పాతి, పైన ఎండాకులు పరిచాను.

"అయిందా?" బయటినుంచి లమీసో కేకేశాడు. "దుంప కూడా తురిమేశావా?"

"ఆఁ, అయిపోయింది."

ఎప్పట్లాగే ఆకుల తడిక అవతలే ఆగాడు. ఒక్క అడుగు లోపలికి వేస్తే ఎండాకుల సందుల్లో తడి మట్టి కనపడేది. ఇరవై రెండేళ్లలో నా కష్టం చూడ్డానికి వేయని అడుగు, ఈ రోజు మాత్రం ఎందుకు వేస్తాడు?