నీలం ఫ్యూజు

మాలతి తాళం తిప్పింది. ఇంజను చకచకా తిరిగింది గాని అందుకోలేదు. ఇంకోసారి తిప్పింది. అదే వరస. బ్యాటరీ బలంగానే ఉంది, పెట్రోలు నిన్న సాయంత్రమే పోయించింది. ఈ మాయదారి వ్యానుకు ఇవాళే ఏం పుట్టిందో మరి.

మాలతి బతుకులో మొదటి ఉద్యోగం ఇవాళే మొదలు. శంకర్ నగర్‌లో ఉండే నలుగురు టీచర్లను అభన్‌పూర్ బడికి చేర్చాలి. పాత డ్రైవరు చూపులు నచ్చక, ఆడమనిషి నడిపే బండి కావాలని వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. మొదటిరోజే ఆలస్యమైతే మాత్రం మళ్ళీ పాత బండినే పిలుచుకుంటామని ముందే చెప్పారు.

ఆమె మొగుడు యుగంధర్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు. రైల్వేలో ఫిట్టరు. మాలతికి డ్రైవింగు నేర్పింది ఆయనే. బొబ్బిలి నుంచి తెచ్చుకున్న పెళ్ళాం రాయ్‌పూర్ రోడ్ల మీద వ్యాను తోలుతోందని కాలనీ అంతా చెప్పుకు తిరిగిందీ ఆయనే.

"ఏటయిందే?"

"తిరుగుతోంది గానీ అందుకోటం లేదండీ."

"పెట్రోల్లో కచ్రా పడుంటాది. జరుగు, సూద్దాం."

సీటు ఎత్తి ప్లగ్గులు విప్పాడు, గుడ్డతో తుడిచాడు, బిగించాడు. ఫిల్టరు ఊదాడు. బ్యాటరీ వైర్లు కదిపి చూశాడు. పూజ చేస్తున్న పంతులుకి కూడా అంత శ్రద్ధ ఉండదు.

ఆయన పక్కకు తప్పుకున్నాక మాలతి తాళం సగం తిప్పి చెవి ఒగ్గింది. అలా తిప్పగానే వెనక సీటు కింద పెట్రోలు పంపు సన్నగా జుమ్మనాలి. ఇవాళ ఆ చప్పుడే లేదు. బండి మొరాయిస్తే ముందు ఫ్యూజులు చూడమని ఆమెకు నూరిపోసినవాడు యుగంధరే. బండిని బయట వదిలి ఊరెళ్ళినప్పుడు, దొంగలు ఎత్తుకుపోకుండా పంపు ఫ్యూజు పీకి జేబులో వేసుకునే అలవాటూ ఆయనదే. అలాంటి మనిషి ఇవాళ బండంతా వెతికాడు గాని, స్టీరింగు కింది ఫ్యూజుల పెట్టె వైపు కన్నెత్తి చూడలేదు.

ఆయన కాదు, ఆయనెందుకు చేస్తాడు అనుకుంటూనే పెట్టె మూత తీసింది. పంపు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. కాలిన ఫ్యూజైతే కాలినట్టే అక్కడే ఉంటుంది, ఎగిరిపోదు.

"మెకానిక్కు పదింటికి గానీ రాడే. టీచరమ్మలకి ఫోన్ చేసి రాలేనని చెప్పీ," అన్నాడు యుగంధర్ వెనకనుంచి.

హారనుదీ పంపుదాని లాంటి నీలం ఫ్యూజే. మాలతి దాన్ని పీకి పంపు స్థానంలో గుచ్చి తాళం తిప్పింది. వెనక జుమ్మంది. ఇంజను అందుకుంది.

యుగంధర్ కిటికీ దగ్గరకొచ్చాడు. "హారనుది తీసేసినావేటి?"

"తీసినాను."

"హారను లేకుండా టాటీబంధ్ చౌరస్తా ఎలా దాటతావే? లారీలోళ్ళు సూసుకోరు." అంటూనే చొక్కా జేబులోంచి నీలం ఫ్యూజు తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక గాని తానేం చేశాడో ఆయనకు తెలిసిరాలేదు.

మాలతి అరచేతిలోకి చూసింది. నిన్న సాయంత్రం వ్యానుకు బొట్లు పెడుతుంటే పక్కన నిలబడి కొబ్బరికాయ కొట్టింది ఈ మనిషే.

"డ్యూటీలో తోటోళ్ళు రోజూ ఒకటే మజాక్ చేస్తన్నారే," అన్నాడు యుగంధర్ తల దించుకుని. "పెళ్ళాం సంపాదన తింటావేటని. ఇవాళొక్కరోజు బండి కదలకపోతే నువ్వే మానుకుంటావనుకున్నాను."

"వద్దని నోటితో ఒక్క మాటంటే మానేద్దును కదండీ. మీ మాటెప్పుడు కాదన్నాను? నవ్వుతూ సాగనంపుతానని ఇలా చేసినారు." ఫ్యూజును హారను చోట గుచ్చి మూత వేసింది. "ఇప్పుడు మానను. మీ దగ్గరున్న రెండో తాళం ఇచ్చీండి."

ఆయన ఇంటి తాళాల గుత్తిలోంచి దాన్ని విడదీసి ఇచ్చాడు. మాలతి దాన్ని జాకెట్లో దోపుకుని బండి కదిలించింది.

టాటీబంధ్ దాటేదాకా హారను మీదనుంచి చెయ్యి తియ్యలేదు.