ఎండుచేపల చక్రధర్

చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు. చక్రధర్ బతికున్నప్పుడు అతని గురించి చెప్పడానికి ఎల్లారెడ్డి ఊళ్ళో ఒక్కొక్కరి దగ్గర ఒక ముక్కో రెండు ముక్కలో ఉండేవి. పోయాక గడపకొక పురాణం మొలిచింది. పెళ్ళి బరాతులో, జాతరలో, సినిమాలో అతని పాట వినని మనిషి లేడు కనుక, అతనితో ఒకసారి చాయ్ తాగినవాడూ ప్రాణమిత్రుడే అయ్యాడు, అతని కారుకు దారి ఇచ్చినవాడూ ప్రాణమిత్రుడే అయ్యాడు. తార ఇవేవీ పట్టించుకునేది కాదు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, "అననియ్యి, వాళ్ల నోరు వాళ్లది" అనేది.

తార చక్రధర్‌కు అక్క. తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. బీడీలు చుట్టి, కారఖానాలో కట్టలు అప్పజెప్పి, ఆ కూలితోనే వాడిని పెంచింది. వాడు పెళ్ళి చేసుకోలేదు. నడివయసులోనే హైదరాబాదులో గుండె ఆగి పోయినప్పుడు వాడికి సొంతమనుషులంటే తారా, ఆమె కూతురు రమ్యా మాత్రమే. పాట లోకానిది, తమ్ముడు మాత్రం తనవాడు అని తార ధీమాగా ఉండేది.

అట్లాంటి ఇంటికి ఒక పుస్తకం వచ్చింది. పేరు 'మా చక్రన్న'. రాసింది ప్రేమ్‌కుమార్, చక్రధర్ పక్కన ఏళ్ళ తరబడి డోలక్ వాయించినవాడు. ఇప్పుడు కామారెడ్డిలో మైకుసెట్ల దుకాణం నడుపుకుంటున్నాడు. అక్కడి ఫంక్షన్ హాల్లోనే ఆవిష్కరణ జరిగింది. తారను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. ఆమెకు చదువు రాదు. ఇంటికొచ్చాక రమ్య రోజూ కాసిన్ని పేజీలు చదివి వినిపించేది, ఆమె బీడీలు చుడుతూ వినేది.

"చక్రన్నకు ఎండుచేపల కూరంటే ప్రాణం," అని చదివింది రమ్య ఒక మధ్యాహ్నం. "చిన్ననాడు పొయ్యి దగ్గర అరచేతులు కాచుకుంటూ కూర్చుని, కూర దిగేదాకా లేచేవాడు కాదు. ఎన్ని స్టార్ హోటళ్ళలో తిన్నా ఆ రుచి..."

తార చేతిలో ఆకు చిరిగింది. "ఏంది? మళ్ల సదువు."

రమ్య మళ్ళీ చదివింది. అక్షరం మారలేదు.

ఎండుచేప వాసన తగిలితే చాలు, చక్రధర్ పక్కింటికి పరుగెత్తేవాడు. వాసన పోయిందని అక్క కేకేస్తే గాని ఇంట్లో అడుగు పెట్టేవాడు కాదు. పెద్దయ్యాక ఒకసారి బస్సులో ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని ఒకామె కూర్చుంటే, లింగంపేటలో దిగిపోయి వేరే బస్సు పట్టుకుని వచ్చాడు. వాడికి కావలసింది పచ్చిపులుసు. పులుపు తింటే గొంతు పోతుందని అందరూ మొత్తుకుంటారు కనుక దొంగతనంగా తినేవాడు. ప్రోగ్రాం అయిపోయి ఇటు వస్తే ముందే ఫోన్ చేసేవాడు: "అక్కా, పచ్చిపులుసు జెయ్యి. ఉల్లిగడ్డ జర ఎక్కువెయ్యి."

ఒక్క కూర కోసం ఇంత పంతమా అని మీకు అనిపించవచ్చు. వాడి పాటలు అందరి ఫోన్లలో ఉన్నాయి. ఫొటోలు హోటళ్ళ గోడల మీద కూడా ఉన్నాయి. వాడు ఏం తినేవాడో, దేనికి మొహం తిప్పుకునేవాడో, అదొక్కటే తారకు విడిగా మిగిలింది. అదీ పోతే ఆమె కూడా చక్రధర్ అభిమానుల్లో ఒకతె అయిపోతుంది.

పక్కింటి వినోదతో చెప్పుకుని మనసు తేలిక చేసుకుందామనుకుంది. వినోదా చిన్నప్పటినుంచీ అక్కడే పెరిగిన మనిషి, తారతోపాటు బీడీలు చుట్టే మనిషి.

"చూసినవా, మా చక్రికి ఎండుశాపలు ఇష్టమని రాసిండట."

"ఉన్నదే రాసిండు గదనే," అంది వినోద. "మీ ఇంట్లకెంచి మా ఇంటికి ఎందుకు ఉరికొస్తుండె మరి? మా అమ్మ నిప్పుల మీద కాల్చిచ్చే శాప కోసమే. నా కండ్ల ముంగట కూసొని తిన్నడు."

"ఎప్పుడే? పుస్తకం రాకముందు ఈ ముచ్చట నాకెన్నడన్న చెప్పినవా?"

"ఏమో. నిన్న మొన్ననే యాదికొచ్చింది," అంటూ వినోద కళ్ళు తుడుచుకుంది.

తార ఆ కన్నీళ్ళకేసి చూసింది. కోతలు కోసేవాళ్ళను ఆమె ఎరుగు. వాళ్ళ గొంతు వేరుగా ఉంటుంది. వినోద కోతలు కోయడం లేదు. ఆ తర్వాత కిరాణాకొట్టు అతనూ అదే చెప్పాడు, బడిలో చక్రధర్ పక్కన కూర్చున్నవాడూ అదే చెప్పాడు. చేప తలకాయ విరవడం, వేళ్ళు నాకడం, అన్నీ చూసినట్టే చెప్పారు. అందరికీ కొత్తగా యాదికొచ్చింది. ఊరంతా ఒకే కల కని, తనొక్కతే నిద్రపోనట్టు ఉంది ఆమెకు.

ఇక లాభం లేదని మర్నాడే కామారెడ్డి బస్సెక్కింది.

ప్రేమ్‌కుమార్ దుకాణంలో ఒక పెద్ద స్పీకర్ విప్పుకుని కూర్చున్నాడు. తారను చూడగానే లేచి కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"మా చక్రికి ఎండుశాపలు ఇష్టమని నీకెవరు జెప్పిండ్రు?"

అతను బుకాయిస్తాడనుకుంది. ఏం రాశాడో, ఏ పేజీయో తనకు తెలియదంటాడనుకుంది. ప్రేమ్‌కుమార్ తల వంచుకున్నాడు.

"ఎవరు జెప్పలె అక్కా. హైదరాబాదుల నా పేరు మీద రాసేటాయన ఒక్కొక్కటి అడుగుతుంటే నేను చెప్పుకుంట పోయిన. అన్నకు ఏం ఇష్టమని అడిగిండు. గిన్నేండ్లు పక్కపొంటి తిరిగిన గని, అన్న ఏం తింటుండెనో నేనెన్నడు చూడలె. షో కాంగనే ఎవరి రూమ్ వాళ్లది. తెల్వదంటే సిగ్గుపోతదని, నాకేం ఇష్టమో గదే చెప్పిన. పొయ్యికాడ కూసున్నది నేను. పిట్లంల మా అమ్మ వండేది."

తారకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. కోపంతో ఏడ్చిందో సంతోషంతో ఏడ్చిందో ఆమెకే తెలియదు గాని, ఎదమీది బండ దిగినట్టయింది. తన తమ్ముడు తనకు దక్కాడు. కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"వచ్చే వారం వాని ఏడాది దినం. ఊరంత వస్తది. ఆడికొచ్చి గీ మాట అందరి ముంగట చెప్పు. చెప్తవా?"

"చెప్త అక్కా. ఒట్టు." స్పీకర్ వైపు చూస్తూ అన్నాడు. "ఒక్క ముచ్చట చెప్పాల్నా అక్కా? పుస్తకం అచ్చయినంక నాకు పరేషానైతుంది. మా అమ్మ యాదికొస్తది, పొయ్యి యాదికొస్తది. పొయ్యికాడ కూసున్న పోరడు మాత్రం నేను గాదు. అన్న కూసుంటుండు. ఎంత చూసినా అన్ననే కనవడ్తుండు."

"ఉత్త భ్రమ," అంది తార. తిరుగు బస్సులో కూర్చున్నాక ఆ మాట గుర్తొచ్చి, ఎండ మొహాన కొడుతున్నా చలిగా అనిపించి కొంగు నిండుగా కప్పుకుంది.

ఏడాది దినం రానే వచ్చింది. చెరువు కింద వాళ్ళ మడిగట్టున, చక్రధర్‌ను దహనం చేసిన చోటనే, పిట్టకు పెట్టారు. పిట్టకు పెట్టడమంటే తెలుసు కదా, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఇస్తరాకులో పెట్టి దూరంగా జరగాలి. కాకి వచ్చి ముట్టితే పోయిన జీవి తృప్తిపడ్డట్టు. అది ముట్టేదాకా బంధువులెవరూ మెతుకు ముట్టకూడదు. తార ఇస్తరాకులో అన్నం, వేటకూర, గారెలు వడ్డించి, ఒక దొప్పలో కల్లు పోసింది. నడుమ పెద్ద గిన్నెలో పచ్చిపులుసు పెట్టింది. నువ్వులు వేయించి, ఉల్లిగడ్డ ఎక్కువ వేసి చేసింది.

కాకులు లేక కాదు. గట్టు మీది తుమ్మచెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ కదలలేదు. ఊరికి వచ్చిన బస్సు హారను వినిపించింది గాని, చెట్టు మీదినుంచి రెక్క చప్పుడు లేదు. "కావ్, కావ్" అని పిలిచారు. ఏం కొరత ఉండి రావడం లేదోనని మొక్కులు మొక్కారు. సమాధి కట్టిస్తామన్నారు. రమ్య పెళ్ళి ఘనంగా చేస్తామన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. వేటకూర మీద నూనె పేరుకుంది. ముక్క కనపడితే మనిషి చేతిలోంచి తన్నుకుపోయే కాకులు, అన్నీ అటే చూస్తూ ఊరుకున్నాయి.

"బిడ్డా," అన్నాడు వరసకు చిన్నాయనయ్యే లక్ష్మీరాజం. బంధువుల్లో పెద్ద ఆయనే. "పుస్తకంల ఉన్నది పెట్టలేదు గదా నువ్వు."

"వానికి పడదు చిన్నాయనా. వాసనకే కక్కుతుండె."

"అందరికి ఎరుకున్న సంగతి నీకొక్కదానికి ఎరుకలేదా?"

తార ప్రేమ్‌కుమార్ వైపు చూసింది. అతను మాట తప్పలేదు పాపం. ముందుకు వచ్చి చేతులు జోడించి, "అది నేను కల్పించి చెప్పిన. అన్నది గాదు, నా ఇష్టం," అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. "రాసినోనివి నువ్వే, ఇప్పుడు లేదన్నా నువ్వేనా?" అన్నాడు లక్ష్మీరాజం. "అచ్చైన ముచ్చట అబద్ధమెట్లయితదయ్యా? అక్క మొకం చూసి మాట మారుస్తున్నవ్ గని." అప్పటికే వినోద కొంగు చాటునుంచి టిఫిన్ డబ్బా తీసింది. పొద్దున్నే వండుకొచ్చింది. మూత తీయగానే ఎండుచేపల పులుసు వాసన గట్టంతా కమ్మింది. తార అడ్డం పోబోతే రమ్య చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఒక్కసారి చూద్దాం. మామ ఆకలితోని పోవద్దు గదా," అంది. ఆ మాటతో తార కాళ్ళు ఆగిపోయాయి.

వినోద చేపలు వడ్డించి ఇంకా వెనక్కి జరగనేలేదు. చెట్టు మీదినుంచి ఒక్క కాకి దిగింది.

కాకి తినే తీరు మనకు తెలియనిదా? ముక్క కరుచుకుని ఎగిరిపోతుంది. ఇది పోలేదు. గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, పచ్చిపులుసు గిన్నెను దాటి, చేపల ముందు కుదురుగా నిలబడింది. ఇంటికొచ్చిన చుట్టంలా నిదానంగా, ముల్లు కూడా మిగల్చకుండా తిన్నది. తిన్నాక తల ఎత్తి ప్రేమ్‌కుమార్‌ను చూసింది. తారను చూడలేదు. ఆ తర్వాత చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచి, ఇస్తరాకును ముట్టకుండానే చెరువు వైపు వెళ్ళిపోయాయి.

ఏడ్చినవాళ్ళు ఏడ్చారు, మొక్కినవాళ్ళు మొక్కారు. "వచ్చిండు, తిని పోయిండు," అనుకుంటూ అందరూ భోజనాలకు నడిచారు. గట్టు మీద తారా, ప్రేమ్‌కుమార్ మిగిలారు.

"ఎవరొచ్చిండ్రక్కా?" అన్నాడు. "అది నా ఇష్టానికి పెట్టిన ఇస్తరాకు. నేను బతికే ఉన్న గదా?"

తార తమ్ముడి కోసం వెతుక్కుంటోంది. కళ్ళు మూసుకుని పచ్చిపులుసు గిన్నెను తలుచుకుంది. గిన్నె వచ్చింది, ఉల్లిగడ్డలు తేలాయి, గిన్నె వైపు చాచిన చెయ్యి మాత్రం లేదు. "అక్కా" అనే ఫోను గొంతు కోసం చెవి ఒగ్గింది. ఫోను మోగుతోంది, అవతల ఎవరూ లేరు. వాడు ఎక్కడ? గట్టు మీద ఇంకా చేపల వాసన ఉంది. భయపడుతూనే ఆ వాసన పీల్చింది. వెంటనే పొయ్యి వచ్చింది, మంట వచ్చింది. మంట ముందు అరచేతులు కాచుకుంటూ, చీమిడిముక్కుతో, వాడు కూర్చుని ఉన్నాడు. చనిపోయిన నాటినుంచి ఒక్క కలలోకి కూడా రానివాడు ఆమె వైపు తిరిగి నవ్వాడు.

అది తన పొయ్యి కాదని తారకు తెలుసు. ఆ సంగతి ఇంకాసేపే గుర్తుంటుందని కూడా తెలుసు. అయినా వాడిని వదిలి కళ్ళు తెరవడం ఆమె వల్ల కాలేదు.

"ప్రేమ్," అంది కళ్ళు మూసుకునే. "మీ అమ్మ ఎట్ల వండుతుండె?"

"అక్కా, గది మా అమ్మ..."

"చెప్పు. మా చక్రి కూసున్నడు. చెప్పు."

ప్రేమ్‌కుమార్ చెప్పడం మొదలుపెట్టాడు. "ముందుగాల నిప్పుల మీద కాలుస్తుండె. బూడిద పోయేదాక కడుగుతుండె. చింతపులుసు చిక్కగ పోసి, మెంతిపొడి ఏస్తుండె."

"తలకాయలు?"

"తీసేస్తుండె. తలకాయలు మా ఇంట్ల పిల్లికి."

"అవ్," అంది తార, మొహం తేటపడుతూ. "పిల్లికే ఏస్తుంటి. చక్రి కాళ్లల్లనే తిరుగుతుండె గది."

తార ఇంట్లో పిల్లి ఏనాడూ లేదు.