నలుపు పోయిన గులాబీ అచ్చు

“ఈసారి పువ్వు విడిరాదేమోనే ఎస్తేరూ” అంది సువార్తమ్మ కూతురితో, ఇంకా పొయ్యి కూడా వెలిగించకముందే.

నేను ఒక గులాబీపువ్వుల అచ్చును. పొడుగాటి కాడ చివర ఇనప పువ్వుని. క్రిస్మస్ వారం రోజులుందనగా నన్ను పెట్టెలోంచి తీస్తారు. పిండిలో ముంచి కాగే నూనెలో పెడితే, పిండి నా చుట్టూ బిగిసి, వేగి, ఒక్క కుదుపుకి విడివడి తేలుతుంది. ఎన్ని వేల పువ్వులు దిగాయో నా ఒంటి మీంచి. అయినా ప్రతిదానికీ గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది, రేకు విరుగుతుందేమో, మాడుతుందేమోనని. అందుకే సువార్తమ్మ భయాలకు నవ్వలేను. కూతురు ట్యూషన్ నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే రైలు గేటు దాకా వెళ్ళి నిలబడే మనిషి ఆవిడ.

నన్ను పోత పోసిందెవరో తెలియదు. చీరాల సంతలో సువార్తమ్మ అత్తగారు కొన్నారు. మొదటి ఏడు ఒక్క పువ్వునీ వదల్లేదు నేను. ఆవిడ విసుక్కోకుండా నూనెలో నానబెట్టి, కాచి, మళ్ళీ నానబెట్టి నన్ను దారికి తెచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఒళ్ళంతా నూనె పట్టి నల్లగా, నున్నగా అయ్యాను. ఆ నలుపే నా పనితనం.

ఈ కార్తీకంలో పక్కింటి శేషారత్నం, కూతురి సారెలోకి పువ్వులు చెయ్యాలని నన్ను అడిగి తీసుకెళ్ళింది. పన్నెండేళ్ళుగా గోడ మీంచి కూర గిన్నెలు మార్చుకునే స్నేహం వాళ్ళది. పనవగానే నూనెగుడ్డతో తుడిచి, ఖాళీగా ఇవ్వకూడదని రెండు గుప్పిళ్ళ అటుకులతో కలిపి తెచ్చింది. సువార్తమ్మ ఇంట్లో లేదు. ఎస్తేరు అందుకుంది. పండక్కి వాడే వస్తువు ఇంత నల్లగానా అనుకుని, పీచూ సబ్బుపొడీ పెట్టి నేను మెరిసేదాకా తోమి, పెట్టెలో దాచింది. పిల్ల మనసు మంచిదే. నా పనే అయిపోయింది.

ఇక ఆ రోజు పొయ్యి వెలిగింది. మొదటి పువ్వు నన్ను పట్టుకుని వదల్లేదు. పుల్లతో పొడిస్తే ముక్కలై వచ్చింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. సువార్తమ్మ మొదట దిష్టి అంది, తర్వాత పిండి మరవాడు ఏదో కలిపాడంది, ఆ తర్వాత నూనెని వాసన చూసింది. చివరికి నన్ను వెలుతురులోకి తిప్పి చూసి, ఇది మనది కాదు, మనది నలుపు అంది. ఎస్తేరు తల వంచుకుని విరిగిన ముక్కలు ఏరుకుంది.

ఆవిడ నేరుగా గోడ దగ్గరికెళ్ళి అడిగేసింది.

“మా అచ్చు ఉంచుకుని వేరేది ఇచ్చావా శేషారత్నం?”

శేషారత్నం ఆవిడ వంక చూసింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. తప్పు లేకపోతే మాట్లాడేది కాదూ అనుకుంది సువార్తమ్మ. మిగిలిన అటుకుల్ని కూడా అనుమానపడి కోళ్ళకు వేసింది. కోళ్ళకేమీ కాలేదు. నోరుంటే చెప్పేదాన్ని, నేను నేనేనని.

ఆ తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. ఒకరోజు కాదు, ఆరు రోజులు. సువార్తమ్మ అన్నం సగంలో లేచిపోయేది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళే లేరని గొణిగేది. నన్ను మాత్రం పట్టి పట్టి చూసేది. మనుషులు వస్తువుని చూసినంత పరీక్షగా మనిషిని చూడరు.

పండగ ముందురోజు ఎస్తేరు వెక్కుతూ ఒప్పుకుంది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. మంచం మీద కూలబడింది. తర్వాత లేచి, అత్తగారిలాగే నన్ను నూనెలో నానబెట్టి సన్నని సెగ మీద కాచింది. సాయంత్రానికి ఒకే ఒక్క పువ్వు దిగింది, అదీ ఒక రేకు లేకుండా. దాన్నీ నన్నూ పళ్ళెంలో పెట్టుకుని పక్కింటి తలుపు ముందు నిలబడింది.

“మా పిల్లే తోమిందట శేషారత్నం. నిన్ను అనరాని మాట అన్నాను.”

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంతే. సువార్తమ్మ పళ్ళెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటే నేను గలగలమన్నాను. పన్నెండేళ్ళ స్నేహానికి ఇదే ఆఖరేమో, వెళ్ళిపొమ్మంటుందేమో. ఆవిడ వెనక్కి తిరగబోయింది.

అప్పుడు లోపల్నించి గొంతు వినపడింది.

“గడియ పెట్టలేదు వదినా. ఆరు రోజులనుంచీ ఒట్టి తలుపే. మీరు తోస్తే గదా.”